కారణం ఎక్కడా రాసి లేదు

గోడ మీది తెరలో పదహారు గీతలు కదులుతున్నాయి, ఒక్కో గీత ఒక్కో ఏజెంటు, పేరు వింటే ఎవరో మనిషి అనుకుంటాం గానీ అది కూడా ప్రోగ్రామే, ఒకసారి పని చెప్పి వదిలితే తనంతట తాను కోడ్ చదువుకుంటూ పోయే ప్రోగ్రాము, ఒకటి ఫైళ్ళు తెరుస్తుంది, ఒకటి పరీక్షలు నడిపి చూస్తుంది, ఇంకొకటి ఒకే ముక్క రెండు చోట్ల ఉందేమోనని వెతుకుతుంది, అన్నీ కలిసి తప్పుల జాబితా రాసి పక్కనే దిద్దుబాటు కూడా సిద్ధం చేసిపెడతాయి, పొద్దున్న ఏడింటికి మొదలెట్టాయి, కాఫీ అడగలేదు, నడుం నొప్పి అనలేదు, ఇప్పుడు పది అయింది, పదకొండుకి పని పూర్తవుతుంది, పదకొండుకి మేనేజరు వస్తాడు, ‘అన్నీ అంగీకరించు’ అన్న మీట మీద ఆమె వేలు పెట్టిస్తాడు. ఆమె వేలే ఎందుకంటే ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు ఎత్తి అంబులెన్సునో అగ్నిమాపక బండినో పంపే ఈ ప్రోగ్రామును మొదట రాసిన అయిదుగురిలో మిగిలింది ఆమె ఒక్కతే. ఎనిమిది లక్షల వరుసల కోడ్, పదహారేళ్ళ కాపురం. ఆమె రాసిన భాగాలను ఆఫీసులో చిన్నవాళ్ళు శాసనాలు అంటారు, ఆమెకు వినపడదనుకుని. చెవులు బాగానే పనిచేస్తున్నాయి, పని చేయనిది మోకాలు.

ఏసీ గాలి సరిగ్గా మెడ మీదికే వస్తోంది, ఈ గది కట్టినవాడికి మనుషులంటే ఏదో పగ ఉండాలి, కుర్చీ జరిపితే తెర కనపడదు, జరపకపోతే మెడ పట్టేస్తుంది, సరే పట్టెయ్యనీ. ఏజెంట్లు పట్టిన తప్పులు ఇప్పటికి రెండు వేల తొమ్మిది వందలు. పొద్దున్నే కోపంగా కూర్చుని మొదటి రెండు వందలు తానే చదివింది, ఎక్కడో ఒకచోట తప్పులో కాలేస్తాయి, అప్పుడు చూద్దాం వీటి సంగతి అనుకుంది, అవి వేయలేదు. తేదీ లెక్కలో ఆమె చేసిన పొరపాటు నాలుగేళ్ళకోసారి బయటపడేది, పట్టుకున్నాయి. ఒకే నలభై వరుసలను బద్ధకించి ఆరు చోట్ల అతికించింది, ఆరూ పట్టుకున్నాయి. తప్పు పట్టినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు, పట్టిన తప్పు నిజమైనప్పుడు ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అమ్మ దర్జీ పని చేసేది, కొత్త గౌను చేతికిస్తే ముందు తిరగేసేది, కుట్టు లోపలి వైపు నుంచి చూడాలి, పైన ఎవరైనా కుడతారు అనేది, అక్క కుట్టింది లోపలా బయటా ఒకేలా ఉండేది, తనది లోపల అన్నీ ముడులే, అమ్మ ఆ ముడులను గోటితో గీరుతుంటే ఒళ్ళు మండేది, ఇప్పుడూ అదే మంట, యాభై రెండేళ్ళొచ్చినా. అమ్మకు మాత్రం ఒక అలవాటుండేది, పనికిరాదనిపించిన దారాన్ని కత్తిరించే ముందు ఇది ఎందుకు వేశావే అని అడిగేది.

రెండు వేల రెండు వందల పదిహేడో నంబరు. దాని దగ్గరే ఆమె ఆగిపోయింది, గంట కింద చదివింది, అప్పటి నుంచి మిగతావేవీ కంటికి ఆనడం లేదు. ‘ఈ భాగం పరీక్షల్లో ఒక్కసారి కూడా నడవలేదు. పక్కనున్న పది సెకన్ల నియమానికి అడ్డుపడుతోంది. లైనును తొంభై సెకన్ల పాటు ఊరికే పట్టి ఉంచుతోంది. కారణం ఎక్కడా రాసి లేదు. తొలగించవచ్చు. నమ్మకం తొంభై ఆరు శాతం.’ మర్యాదగా రాసింది, ఎత్తిపొడుపు లేదు, ఆఫీసులో మనుషులు ఇంత మర్యాదగా రాయరు. పరీక్షల్లో నడవలేదన్నది నిజమే, ఎలా నడుస్తుంది, పరీక్షల కోసం గొంతులు రికార్డు చేసింది వాళ్ళే కదా, అయిదుగురూ స్టోర్ రూములో తలుపేసుకుని వంతులవారీగా అరిచారు, నిప్పంటుకుంది అని ఒకరు, మా నాన్న పడిపోయాడు అని ఒకరు, నవ్వాపుకోలేక మళ్ళీ మళ్ళీ మొదలెట్టారు, రెండు వందల గొంతులు తయారయ్యాయి, ఒక్కరూ నోరు మూసుకుని రికార్డు చేయలేదు. నోరు మూసుకోవడం కూడా ఫోన్ చేయడమే అవుతుందని అప్పుడు ఎవరికి తట్టింది. అసలు ఫోన్ల రికార్డులు చూస్తే ఏజెంట్లకు తెలిసేది, అవి వాటికి ఇవ్వలేదు, ఇవ్వకూడదు, జనం ఏడుపులు అవి. కాబట్టి వాటి తప్పు లేదు. చదవమన్నది చదివాయి, అక్కడ ఉన్నది చెప్పాయి. కారణం ఎక్కడా రాసి లేదు.

పది సెకన్ల నియమం కూడా ఆమెదే, ఆ సంగతి మాత్రం ఏజెంట్లు ఎత్తలేదు, దాన్ని మెచ్చుకున్నాయి కూడా, చక్కగా ఉంది, చిన్నగా ఉంది, పరీక్షలన్నిటిలో నెగ్గింది. అవును మరి, ఎంత ముచ్చటపడి రాసుకుంది. ఆ రోజుల్లో జేబుల్లో నొక్కుకుపోయిన ఫోన్లు, పిల్లల ఆటల ఫోన్లు, ఎత్తితే సంచీ గరగరలు, రోడ్డు మోత, లైన్లన్నీ వాటితోనే నిండిపోయి అసలు ఆపదలో ఉన్నవాళ్ళు వరుసలో నిలబడేవారు, పై అధికారి తల పట్టుకున్నాడు, ఆమె ఒక మధ్యాహ్నం కూర్చుని నాలుగు వరుసలు రాసింది, పది సెకన్ల పాటు మాట వినపడకపోతే లైను కోసెయ్, ఆపరేటరు దాకా రానివ్వకు. మర్నాటికి లైన్లు ఖాళీ. నాలుగు వరుసలతో కొండను కదిల్చావమ్మా అన్నాడాయన అందరి ముందూ. పది ఎందుకు, పన్నెండు ఎందుకు కాదు అని ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేదేమీ లేదు, పది వినడానికి బాగుంది.

పావు తక్కువ పదకొండుకు అక్క ఫోన్ వస్తుంది, రోజూ వస్తుంది, ఇంకా ఇరవై నిమిషాలుంది. అక్క గొంతు ఒకప్పుడు ఊరందరిదీ. బస్టాండులో మైకు ముందు కూర్చునేది, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో అక్క చెబితే వందమంది సామాన్లెత్తుకుని అటు పరుగెత్తేవారు, ఇంట్లో కూడా అదే గొంతు, ‘స్నానానికి వెళ్ళవలసిన చెల్లెలు వెంటనే బయలుదేరవలెను’ అనేది, ఆమె నవ్వలేక చచ్చేది. ఇరవై మూడేళ్ళు ఆ మైకు ముందు, తర్వాత గొంతులో పుండు, ఆపరేషను, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మెడలో పలక, చేతిలో సుద్దముక్క. ఒంటరిగా ఉండటానికే మొండికేసింది, నీ ఇంట్లో నీ సోది భరించలేను అని పలక మీద రాసింది. ఆ తర్వాతి ఏడాది, ఒక మధ్యాహ్నం, స్టూలెక్కి ఫ్యాను తుడుస్తూ పడింది, తుంటి విరిగింది, కదల్లేదు, ఫోన్ చేతికందింది, ఆపద నంబరు నొక్కింది. అటు లైను కలిసింది. అక్క గోటితో ఫోన్ మీద తట్టింది, టక్ టక్ టక్ టక్, ఎవరైనా వింటారని, లైను పోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ పోయింది. మూడోసారీ పోయింది. సాయంత్రం ఆరున్నరకు పై వాటా ఆవిడ బకెట్టు తిరిగివ్వడానికొచ్చి తలుపు సందులోంచి చూసేదాకా అక్క ఆ గచ్చు మీదే ఉంది. నాలుగు గంటలు ఆలస్యం, కాలికి రక్తం ఆడలేదన్నారు, కాలు ఉంది గానీ అక్క మాట వినదు. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే పలక అడిగింది. ‘ఫోన్ చేశా. ఎత్తారు. పెట్టేశారు. ఎవడో మహానుభావుడు.’ ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది, అక్క కోపంలో కూడా అక్షరాలు గుండ్రంగా రాస్తుంది.

మర్నాడు ఆఫీసుకొచ్చి ఆ మహానుభావుడి పని పట్టాలని వచ్చిన ఫోన్ల చిట్టా తెరిచింది. రెండు గంటల పద్నాలుగు నిమిషాలు. రెండూ పదిహేను. రెండూ పదిహేడు. మూడు వరుసలు, మూడింటి పక్కనా ఆపరేటరు పేరుండాల్సిన చోట ఖాళీ, కోసినది నియమం, నియమం రాసినవారు అన్నచోట తన పేరు. ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చుందో ఆమెకు గుర్తు లేదు, ఎవరో వచ్చి లైటు తీసేయమంటారా అని అడిగారు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి, లైను పాడైందట అక్కా, ఎవరి తప్పూ కాదట అంది. అక్క చాలాసేపు చూసి పలక తుడిచేసింది. పదమూడేళ్ళయింది. ఆ అబద్ధం ఇప్పుడు ఇంట్లో ఒక బీరువాలాగా తయారైంది, దాన్ని తప్పుకుని నడవడం ఇద్దరికీ అలవాటైపోయింది, లేదా తనకొక్కదానికే అలవాటైందేమో, అక్కకు తెలిసే ఉండొచ్చు, అక్క బస్సుల రాకపోకలు చూసిన మనిషి, ఏది ఎందుకు ఆలస్యమైందో ఇట్టే పసిగడుతుంది.

ఫోన్ మోగింది, పావు తక్కువ పదకొండు అయిందన్నమాట, బల్ల మీద గిర్రున తిరుగుతోంది. ఎత్తింది. టక్ టక్. రెండుసార్లు తడితే బాగున్నాను అని. ఆమె గోటితో ఒకసారి తట్టాలి, విన్నాను అని, అంతే, రోజూ ఇంతే, మెసేజ్ పెట్టొచ్చు కదా అంటే ‘మెసేజ్ చూస్తావో లేదో, ఫోనైతే ఎత్తి తీరాలి’ అని రాసింది అక్క. ఆమె ఒకసారి తట్టింది. అటు లైను పెట్టేశారు. తెర మీద పదకొండు గీతలు పని ముగించి ఆకుపచ్చగా మారిపోయాయి, అయిదు మిగిలాయి.

ఏజెంట్లు తీసెయ్యమన్న ఆ భాగం ఆ తర్వాత ఒక ఆదివారం రాసింది, పైవాళ్ళను అడగకుండా, అడిగితే ఒప్పుకోరని తెలిసే. మాట వినపడకపోతే లైను కోయకు, తొంభై సెకన్లు పట్టుకో, మాట్లాడలేకపోతే ఫోన్ మీద తట్టండి అని వినిపించు, తట్టు వినపడితే ఆపరేటరుకు ఇవ్వు, చిరునామా కనిపెట్టి బండి పంపు. దానిపైన పదకొండు వరుసల కామెంటు రాసింది, కామెంటంటే కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాట, యంత్రం దాన్ని చూడకుండా దాటిపోతుంది. ఆ పదకొండు వరుసల్లో అంతా ఉంది, పది సెకన్ల నియమం ఎవరిది, ఆ మధ్యాహ్నం ఎవరు ఫోన్ చేశారు, ఎన్నిసార్లు. ఏడాది తిరిగేసరికి ఆఫీసుకు నాణ్యత కొలిచే పనిముట్టు ఒకటి వచ్చింది, ఇప్పటి ఏజెంట్లకు ముత్తాత, తెలివి తక్కువ, పట్టుదల ఎక్కువ, మూడు వరుసలు దాటిన ప్రతి కామెంటుకూ అర మార్కు కోసేది, ఆఫీసంతా మార్కుల కోసం కామెంట్లు నరుక్కుంటూ కూర్చున్నారు, ఆమె కూడా తనది తీసేసింది, పూర్తిగా. ఇన్నేళ్ళూ ఆ నేరం ఆ పనిముట్టు నెత్తిన రుద్దుతూ వచ్చింది, అదే తీయించింది అని. కానీ మూడు వరుసలు ఉంచుకోవచ్చు కదా. మూడు వరుసలకు మార్కు పోదు. మూడు వరుసల్లో ఎంతో రాయొచ్చు. తీసేస్తున్నప్పుడు గుండె తేలికైంది, ఒప్పుకో, తేలికే అయింది, ఇక ఆ కోడ్ తెరిచినవాడెవడికీ తన సంగతి తెలియదని. పదకొండు వరుసలు నరికిన చేత్తోనే ఇప్పుడు ఈ ఏజెంట్లకు కారణం తెలియదని పళ్ళు నూరుతోంది. తెలియకుండా చేసింది ఎవరు.

అయితే మాత్రం తీసెయ్యనిస్తానా, అనుకుంది, పైకే అనేసినట్టుంది, అద్దాల గోడ అవతల నడుస్తున్న ఎవరో తిరిగి చూశారు. చూడనీ.

మేనేజరు అయిదు నిమిషాలు ముందే వచ్చాడు, ఆమెకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న, మంచివాడే, తొందర మాత్రం ఒళ్ళంతా ఉంది, కూర్చోడు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడతాడు.

“మూడు వేల నలభై మేడమ్. అన్నీ ఒప్పుకుంటే నాణ్యత స్కోరు తొంభై దాటుతుంది. పన్నెండింటికి పైవాళ్ళకి చూపించాలి. నొక్కేద్దామా?”

“ఒక్కటి ఉంచాలి.”

“మూడు వేలల్లో ఒక్కటేనా? ఆ ఒక్కటీ వదిలెయ్యండి మేడమ్, దేవుడికి దండం పెట్టుకుని.” నంబరు చూసి చదివాడు. “ఇది ఎప్పుడూ నడవనే లేదంటున్నాయి కదా?”

ఆమె ఫోన్ తీసి కింది అంతస్తులో ఆపరేటర్ల పెద్దావిడకు కలిపింది, ఆవిడ ఇరవై ఏళ్ళుగా తలకు ఆ హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉంది, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

“నిన్న తట్టిన కాల్స్ ఎన్నొచ్చాయి?”

“నాలుగు. ఒకటి పిల్లలాట. రెండు పక్షవాతం వాళ్ళు. ఒకావిడ మాత్రం మొగుడు పక్క గదిలో ఉన్నాడని మాట్లాడలేదు, గోటితో కొట్టింది. బండి పంపాం. ఏం, ఏమైనా తప్పొచ్చిందా?”

“లేదు. బాగానే పనిచేస్తోంది.”

మేనేజరు కుర్చీ లాక్కుని మొదటిసారి కూర్చున్నాడు. “మరి ఇదంతా కోడ్‌లో ఎందుకు రాయలేదు మేడమ్?” అన్నాడు. ఎదురు దెబ్బలా అడగలేదు, తెలియక అడిగాడు, అది ఇంకా కష్టంగా ఉంది.

“రాశాను. నేనే తీసేశాను.”

“సరే, అభ్యంతరం డబ్బాలో కారణం రాసెయ్యండి. రెండు వందల అక్షరాలు పడతాయి.”

“డబ్బాలో కాదు. దాని చోట్లోనే రాస్తాను.”

లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది, ఆ భాగం తెరిచింది, వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఏసీ వల్లే అనుకుందాం. పాత పదకొండు వరుసలు గుర్తున్నాయనుకుంది, లేవు, కొత్తగా రాయాల్సి వచ్చింది. ‘మాట వినపడకపోతే పది సెకన్లకు లైను కోసే నియమం రాసింది నేను. పది ఎందుకో నాకే తెలియదు. గొంతు పోయిన మా అక్క తుంటి విరిగి పడి మూడుసార్లు ఫోన్ చేసింది, తట్టింది. మూడుసార్లూ కోసింది ఆపరేటరు కాదు, నా నియమం. నాలుగు గంటలు నేల మీద ఉంది. కాలు పనికిరాకుండా పోయింది. అందుకే ఈ భాగం. దీన్ని పరీక్షించడానికి మౌనం రికార్డు చేయాలి, మేం చేయలేదు, చేయండి. ఇది అనవసరం అనిపిస్తే తీసే ముందు కింది అంతస్తుకు వెళ్ళి నిన్న ఎన్ని వచ్చాయో అడగండి.’ కింద పేరు, ఇంటి పేరుతో సహా. లెక్కపెడితే పద్నాలుగు వరుసలు. పక్కన మేనేజరు చదువుతున్నాడని తెలుసు, అడ్డం పెట్టుకోలేదు.

ఒక ఏజెంటు మళ్ళీ ఆ ఫైలు తెరిచింది. నాలుగు సెకన్లు. ‘2217: కారణం దొరికింది. తొలగింపు సూచన వెనక్కి తీసుకుంటున్నాను. మౌనంతో ఒక పరీక్ష చేర్చమని సూచిస్తున్నాను.’ అంతే, పదమూడేళ్ళు మోసిన దానికి నాలుగు సెకన్లు, వాదన లేదు, మొహం చిట్లించడం లేదు, ఆమెకు నవ్వొచ్చింది, కొంచెం కళ్ళు కూడా మండాయి. ఆ వెంటనే ఇంకో గీత కదిలింది. ‘కొత్త అంశం, చిన్నది: కామెంటు పద్నాలుగు వరుసలు. పరిమితి మూడు. కుదించిన రూపం ఇదిగో: మాట్లాడలేని వారు ఫోన్ చేసినప్పుడు లైను పట్టి ఉంచుతుంది. తట్టు వినపడితే ఆపరేటరుకు ఇస్తుంది. తొలగించవద్దు.’ స్కోరు ఎనభై తొమ్మిది పాయింట్ తొమ్మిది.

బాగా రాసింది. చెప్పాల్సిందంతా ఉంది, రేపు ఎవడైనా చదివితే ఈ భాగం జోలికి పోడు, మాట్లాడలేనివాళ్ళ ఫోన్లు ఎత్తుతూనే ఉంటారు, స్కోరు తొంభై అవుతుంది, అందరికీ మేలే. అక్క లేదు అందులో. తానూ లేదు. ఒప్పుకుంటే తప్పు పట్టేవాడు లేడు, పైగా ఈసారి నరికింది తాను కాదని చెప్పుకోవచ్చు, ఇంత చక్కటి దారి ఆ రోజు ఆసుపత్రిలో కూడా దొరకలేదు.

“మూడు వరుసలు చాలు కదా మేడమ్,” అన్నాడు మేనేజరు నెమ్మదిగా. “తొంభై వచ్చేస్తుంది.”

“రాకపోతే పోనివ్వండి.”

“పైవాళ్ళకి ఏం చెప్పను?”

“ఎనభై తొమ్మిది పాయింట్ తొమ్మిది అని చెప్పండి. ఎందుకని అడిగితే చదువుకోమనండి, పద్నాలుగు వరుసలే.”

‘ఉంచు’ అన్నది నొక్కింది. మిగతా మూడు వేల చిల్లర తప్పులకూ వేలు పెట్టింది, వాటిలో చాలావరకు ఆమె తప్పులే, న్యాయంగా పట్టినవే. మేనేజరు లేచి, వెళ్తూ వెళ్తూ ఏసీ కట్టేసి వెళ్ళాడు. పదకొండు దాటింది. ఫోన్ తీసుకుంది, ఈ వేళప్పుడు ఆమె ఎప్పుడూ చేయదు, అక్క కంగారు పడుతుంది, పడనీ. మూడో రింగుకు ఎత్తింది. టక్ టక్. బాగున్నాను, ఏమైంది నీకు అని. ఆమె తట్టలేదు.

“అక్కా, ఆ రోజు లైను పాడవలేదు. నీ ఫోన్ మూడుసార్లూ కోసింది నేను రాసిన ప్రోగ్రామే. నాకు మర్నాడే తెలుసు.”

అటు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు, దూరంగా ఏదో బస్సు హారను. ఆమె లెక్కపెట్టింది, లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. అయిదు. ఎనిమిది. పది. పదకొండు. లైను పోలేదు. ఇరవై దాటింది, ఆమె పెట్టేయలేదు, అటు అక్కా పెట్టేయలేదు, నలభై, ఇంకా ఎంతసేపైనా సరే ఇలాగే పట్టుకుని కూర్చుంటాను అనుకుంది. తర్వాత అటునుంచి ఒక్కసారి, గట్టిగా, టక్.